కాటుక పూసిన కొమ్ముమూత

నా చిన్నప్పుడు చెయ్యని తప్పొకటి నా నెత్తిన పడింది. యాభై ఏళ్లు దాటినా, ఆరోజు ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

మాకు తిరువూరులో గంపలగూడెం రోడ్డు పక్కన మామిడితోట ఉండేది. కోతుల్ని అదిలించడానికి మా పెదనాన్న దగ్గర మందు కూరి పేల్చే పాత తుపాకీ ఒకటి ఉండేది. ఆ మందును ఒక గేదెకొమ్ములో పోసి దాచేవాడు. సన్నటి కొనకు చిన్న బిరడా, వెడల్పు వైపు బిగించిన చెక్కమూత. ఆ వేసవిలో ఒక పొద్దున పెదనాన్న అడిగితే గోడకున్న కొమ్మును తీసి ఇవ్వబోయాను. మూత రెండు ముక్కలై మందంతా వరండాలో ఒలికిపోయింది. ముక్కల లోపల పురుగు తొలిచిన పొడి కనబడుతూనే ఉంది. నేను చూపించాను. పెదనాన్న చూడలేదు.

"ఆడపిల్ల చేతికిస్తే ఇంతే! పగలగొట్టి పెట్టింది. ఇక తోటలో అడుగుపెట్టావో ఊరుకోను" అన్నాడు. మా చిన్నాన్న నవ్వాడు, ఇద్దరు అన్నలు నవ్వారు, ఆఖరికి పాలు పోయడానికొచ్చినావిడ కూడా నవ్వింది.

అవి రసాలు పండే రోజులు. తోటకు దూరమవడం ఒక బాధైతే, నేను పగలగొట్టానన్న మాట అంతకంటే పెద్ద బాధ. కొత్త మూత నా చేతులతోనే చేసి, ఆ మాట వెనక్కి తీసుకునేలా చెయ్యాలని పంతం పట్టాను. ఖాళీ కొమ్ము చంకన పెట్టుకుని వీధి చివర ఒంటరిగా ఉండే వడ్రంగి తాత దగ్గరికి వెళ్లాను. నాకు జరిగిన అన్యాయమంతా చెప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాను.

"చెప్పింది చాల్లేమ్మా. చెప్తే మూత అతుకుద్దా? పట్టు" అని వేపచెక్క ముక్కలూ ఉలీ ఆకురాయీ నా ముందు పెట్టాడు.

కొమ్ము నోటిని దారంతో కొలిచి చెక్కను గుండ్రంగా చెక్కాను. ఒకపక్క లొడలొడలాడింది, ఇంకోపక్క దూరనే లేదు.

"గేదెకి కొమ్ము కంపాసు పెట్టి మొలిచిందనుకున్నావా?" అని తాత నవ్వాడు. ఆ నవ్వునూ మర్చిపోలేదు. సరిగా చూస్తే కొమ్ము నోరు కోడిగుడ్డులా కోలగా ఉంది. రెండో చెక్కను కోలగానే చెక్కి, కాస్త పెద్దదైతే సుత్తితో దిగ్గొట్టబోయాను. తాత చెయ్యి పట్టుకున్నాడు.

"కొమ్ము చీలిందంటే, ఈసారి నిజంగా నువ్వే పగలగొట్టినట్టు."

ఆ తర్వాత మా ఇంటి కాటుక భరిణె తెమ్మన్నాడు. లాంతరు నిండా మసి ఉండగా కాటుకెందుకని అడిగితే, చెప్పింది చెయ్యమన్నాడు. అమ్మ ఆముదం దీపం మీద పట్టి పచ్చకర్పూరం కలిపిన కాటుక అది. కొమ్ము లోపలి అంచుకు పల్చగా పూయించి, చెక్కను మెల్లగా దూర్చి తీయమన్నాడు. తీస్తే చెక్క మీద అక్కడక్కడ నల్లమరకలు పడ్డాయి. ఒరుసుకుంటున్న చోట్లు అవే. అక్కడ మాత్రమే ఆకురాయితో రుద్దాలి. మళ్లీ పూయాలి, దూర్చాలి, తీయాలి, రుద్దాలి. ప్రతిసారీ ఒకే వాటంగా దూరేలా కొమ్ము మీదా చెక్క మీదా గీత గీసిచ్చాడు.

మూడు రోజులు పట్టింది. వేళ్లు బొబ్బలెక్కాయి. చివరికి మరకలన్నీ కలిసి, చెక్క చుట్టూ సన్నటి నల్లగీత ఒక్కటే పడింది. దాన్నీ రుద్దబోతే తాత ఆకురాయి లాక్కున్నాడు.

"అది ఉండాలమ్మా. అంతా అరగదీస్తే మూత నిలవదు, జారిపోద్ది."

కొమ్ములో నీళ్లు పోసి తలకిందులు చేశాం. ఒక్క చుక్క కారలేదు. ఇద్దరం దాన్ని పెదనాన్న చేతికిచ్చాం. ఆయన అటూ ఇటూ తిప్పి, తాత వైపు చూసి "బాగా చేశావయ్యా" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే తాత నా భుజం నొక్కాడు. మూత ఊడదీసి పెదనాన్న ముక్కు దగ్గర పెట్టాడు.

"నేనైతే లాంతరు మసి పూస్తానండి, కిరసనాయిలు కంపు కొడుద్ది. ఇదేం వాసనో చూడండి అయ్యగారూ. నా కొంపలో కాటుక పెట్టుకునేవాళ్లెవరండీ?"

కాటుకే ఎందుకు తెమ్మన్నాడో నాకు అప్పుడు అర్థమైంది. పెదనాన్న వాసన చూశాడు. నా కళ్లు చూశాడు, నల్లబడిన నా వేళ్లు చూశాడు.

"రేపు తోటకి కొమ్ము నువ్వే పట్టుకురా" అన్నాడు.

అంతే. 'నువ్వు పగలగొట్టలేదమ్మా' అనలేదు. పోయేదాకా అనలేదు.

తుపాకీ ఎప్పుడో పోలీసులకు అప్పగించేశారు. తోటలో ఇప్పుడు కోతులకు స్పీకరు పెడుతున్నారు. కొమ్ము మాత్రం నా బీరువాలో ఉంది. ఎవరితో మాట పట్టింపు వచ్చినా, నాకు తరచుగా వస్తూనే ఉంటుంది, ముందు ఎక్కడ ఒరుసుకుందో వెతుక్కుంటాను. అక్కడే రుద్దుతాను, మొత్తం మనిషిని చెక్కెయ్యను. పెదనాన్న మీద కోపాన్నీ అలాగే ఏళ్ల తరబడి అరగదీసుకొచ్చాను. ఆయన అనని ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నల్లగీత ఇంకా పడుతూనే ఉంది.

దాని మీద ఆకురాయి పెట్టను. ఆయన నాలో నిలిచి ఉన్నది దాని వల్లే.