మెట్ల కింద డబ్బా

మా ఇంటికి డాబా మీదికి వెళ్ళే మెట్లున్నాయన్న సంగతి మా చుట్టాల్లో చాలామందికి తెలియదు. ఉన్నాయి. కాకపోతే వాటి మీద తుక్కు కాపురముండేది. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒకవైపు లారీ కమాను పట్టీలు, ఇంకోవైపు బేరింగులు నింపిన రంగు డబ్బాలు, బస్సు సీట్ల ఫ్రేములు, సైకిల్ రిమ్ములు, కాలిపోయిన మోటార్లు. మధ్యలో ఒక పాదం పట్టేంత దారి. బట్టలారేయాలంటే కుచ్చిళ్ళు ఒక చేత్తో, బకెట్టు ఒక చేత్తో పట్టుకుని పక్కకి తిరిగి ఎక్కేదాన్ని.

ఇదంతా మా ఆయన సంపాదన. ఆటోనగర్‌లో ఆయనకి చిన్న వెల్డింగ్ షెడ్డు ఉంది. సాయంత్రం షెడ్డు మూసి వట్టి చేతులతో ఇంటికి రావడం ఆయన ఎరగరు. చుట్టుపక్కల షెడ్లవాళ్ళు బయట పారేసినవాటిలోంచి ఏదో ఒకటి ఏరి, స్కూటర్ ముందు పెట్టుకుని తెచ్చేవారు. వీధి మలుపులో స్కూటర్ చప్పుడు వింటేనే ఆ రోజు ఎంత బరువు తెస్తున్నారో నాకు తెలిసిపోయేది. "ఇదెందుకండీ?" అంటే "పనికొచ్చిద్ది" అనేవారు. అబద్ధమెందుకు, పనికొచ్చేవి కూడా. మా వీధిలో సగం గేట్లకి చక్రాలు ఆ డబ్బాల్లోంచి వెళ్ళినవే. మా అత్తగారు కూర్చునే చక్రాల కుర్చీ ఆయన బస్సు సీటుతో చేసిందే. అయినా నాకు ఒళ్ళు మండేది. పనికొచ్చేది ఒకటైతే పడి ఉండేవి బోలెడు. "మీరు లేనప్పుడు తుక్కువాణ్ణి పిలిచి మొత్తం ఎత్తించేస్తాను చూడండి" అని బెదిరించేదాన్ని. ఆయన నవ్వేసి అన్నం కలుపుకునేవారు.

ఒక్క విషయంలో మాత్రం నవ్వేవారు కాదు. మెట్ల కింద, వంటింటి గుమ్మం పక్కన, ఇటుకల మీద ఒక ఇనప డబ్బా ఉండేది. మోకాలెత్తు డబ్బా. మూత గట్టిగా బిగించి, దాని చుట్టూ లారీ ట్యూబు ముక్క చుట్టారు. ఒకసారి దాని వెనక ఊడవబోతే "దాన్ని కదపమాకు" అన్నారు. ఏముందని అడిగితే "షెడ్డు సామాను. నేను చూసుకుంటాలే" అన్నారు. ఏదో ఖరీదైంది కాబోలు అనుకుని వదిలేశాను. దాని పక్కనే పీట వేసుకుని కూరలు తరిగాను, పండగలకి గ్యాసు పొయ్యి బయటపెట్టి అరిసెలు వండాను.

బుడమేరు వాగు పొంగింది ఒక ఆదివారం. అంతకు ముందు రోజంతా తెరిపి లేకుండా వాన. పొద్దున లేచేసరికి వీధి కాలవలో నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి. మా పేటలో అది కొత్త కాదు. గట్టి వాన పడితే నీళ్ళు గడప దాకా వస్తాయి, మమ్మల్ని పలకరించి వెళ్ళిపోతాయి. అందుకని నేనేమీ కంగారు పడలేదు. బియ్యం బస్తా మంచం మీదికెక్కించాను. టీవీ అటక మీద పెట్టాను. ఈలోగా కరెంటు తీసేశారు. నీళ్ళు గడప దాటి ముందు గదిలోకి వచ్చాయి. పగలే అయినా మబ్బుకి ఇల్లంతా చీకటిగా ఉంది.

"అమ్మాయ్, కాస్త దీపం పెట్టవే. నీళ్ళెక్కడిదాకా వచ్చినయ్యో కనపడట్లా" అన్నారు మా అత్తగారు కుర్చీలోంచి.

దేవుడి అలమరలోంచి అగ్గిపెట్టె తీశాను. పుల్ల తీసి పెట్టెకి ఆనించాను కూడా.

"గియ్యొద్దు!"

ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన అలా అరవగా నేను వినలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు, పిక్కల దాకా నీళ్ళు. ముఖం పాలిపోయింది.

"ఆ పెట్టె అక్కడ పెట్టు. తలుపులన్నీ తీ. కిటికీలు కూడా తీ."

"నీళ్ళొస్తంటే తలుపులు తియ్యటమేందండీ?"

"వాసన రావట్లా నీకు?"

అప్పుడు తెలిసింది. వంటింటి వైపు నుంచి కుళ్ళిన వెల్లుల్లి వాసన. పొద్దుటి నుంచీ వస్తోంది గానీ మురుగు నీళ్ళది అనుకున్నాను.

"ఆ డబ్బాలో ఉంది కార్బైడు. మామిడికాయలు మగ్గేస్తారు చూడు, ఆ రాయి. తడి తగిలితే గ్యాసు వచ్చిద్ది. వెల్డింగుకి పూర్వం మేం మండించింది ఆ గ్యాసే." గొంతు తగ్గించి అన్నారు. "అడుగు తుప్పు పట్టినట్టుంది. చెమ్మ లోపలికి పోతంది. ఇంకాస్త నీళ్ళు పెరిగితే మొత్తం తడిసిద్ది. అప్పుడు ఎక్కడ రవ్వ లేచినా ఇల్లుండదు."

నా చేతిలో పుల్ల ఇంకా అలాగే ఉంది. దాన్ని కింద పడేయడానికి కూడా భయమేసింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తీసుకెళ్ళి నీళ్ళలో ముంచాను. గోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఎందుకు తెచ్చారండీ ఇంటికి?" అన్నాను. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"పక్క షెడ్డాయన షెడ్డు మూసేసేప్పుడు దీన్ని కాలవలో పారబోస్తానన్నాడు. కాలవ గట్టున మనుషులు తిరుగుతుంటారే, ఎట్టా ఊరుకోను? ఎవరన్నా వాడేవాళ్ళకి ఇద్దామని తెచ్చా. ఇప్పుడెవరూ వాడట్లా, అందరూ సిలిండర్లే. ఈలోపు..."

"రెండేళ్ళా ఈలోపు?"

అది తేల్చుకునే టైము కాదు. ఇటుకలు మునిగిపోయాయి. డబ్బా అడుగు నీళ్ళలోనే ఉంది. దాని చుట్టూ చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి. ఆ బుడగల్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు.

"వీధిలోకి తోసేద్దాం. వరదే తీసుకుపోతుంది" అన్నాను.

"తీసుకుపోయి ఎవరి గుమ్మంలో పెట్టిద్దో?" అంటూ పక్కింటి కిటికీ చూపించారు. అక్కడ కొవ్వొత్తి వెలుగుతోంది. "అయ్యా, కొవ్వొత్తి ఆర్పండి! గ్యాసు లీకవుతంది, ఆర్పండి!" అని కేకేశారు. ఆ వెలుగు ఆరేదాకా మేమిద్దరం కదల్లేదు.

మిగిలిన దారి ఒక్కటే. డాబా మీద రేకుల పందిరి ఉంది. అక్కడ పొడిగా ఉంటుంది, చుట్టూ గాలి, గ్యాసు వచ్చినా నిలవదు. డబ్బాని అక్కడికి ఎక్కించాలి. మా అత్తగారినీ ఎక్కించాలి. రెండింటికీ ఉన్నవి ఆ మెట్లే.

మెట్లు చూసి మా ఆయన నిలబడిపోయారు. ఇద్దరు మనుషులు బరువు పట్టుకుని ఎక్కాలంటే సందేది? నేను ముందు చేతికందిన రిమ్ము లాగి విసరబోయాను. నా మణికట్టు పట్టేసుకున్నారు.

"విసరమాకు. ఇనుముకి ఇనుము తగిలితే రవ్వ లేస్తది. చప్పుడు కాకుండా ఎత్తు. మెల్లిగా నీళ్ళలోకి దించు."

ఎన్నేళ్ళుగానో ఆ మెట్లు ఖాళీ చేయాలని కలలు గన్నదాన్ని. ఆ రోజు చేశాను. నీళ్ళు ఆగకుండా పెరుగుతున్నాయి, మేము మాత్రం నిద్రపోయే పసిపిల్లల్ని దించినట్టు తుక్కు దించుతున్నాం. పరుగెత్తాలని ఒళ్ళంతా లాగుతుంటే ఒక్కో పట్టీ రెండు చేతులా ఎత్తి, మెట్టుకి తగలకుండా తిప్పి, పెరటి నీళ్ళలోకి వదలాలి. ఒక బేరింగుల డబ్బా నా చేతిలో వంగి, రెండు బేరింగులు మెట్ల మీద టంగుమంటూ దొర్లాయి. నేను కళ్ళు మూసుకున్నాను. మా అత్తగారి ముఖం, మా అమ్మాయి హాస్టల్లో ఉందన్న సంగతి, ఇద్దరమూ పోతే దానికెవరున్నారన్న మాట, అన్నీ ఒకేసారి తోచాయి. ఏమీ కాలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన మోటార్లు దించుతున్నారు. ఒక్కోదాన్నీ ఎక్కడ ఏరుకొచ్చారో నాకు నోటికి వచ్చు, అన్నిసార్లు చెప్పించుకుని తిట్టాను. ఆయన ఒక్కదాని ముఖం కూడా చూడలేదు.

దారి అయ్యాక టార్పాలిన్ పట్టా తెచ్చి డబ్బాకి చుట్టారు. ఆయన కింద పట్టుకున్నారు, నేను పైన. సగం మెట్ల మీద వానకి పట్టా జారింది, నా వేళ్ళూ జారాయి. డబ్బా బరువంతా ఆయన గుండె మీదకి ఒరిగింది. వాసన గుప్పుమని ముక్కుకి కొట్టింది. "వదిలెయ్యండి, దూకేయండి!" అని అరిచాను. ఆయన వదల్లేదు. "పట్టుకో. నువ్వు పట్టుకో చాలు" అన్నారు, చాలా మామూలుగా. పట్టుకున్నాను. ఎలా ఎక్కామో నాకు తెలియదు. పందిరి కింద ఒక చివర డబ్బా దించి, తిరిగి దిగి, ఆయన వాళ్ళమ్మని వీపున ఎక్కించుకుని తెచ్చారు. అప్పటికి కింద నీళ్ళు ఆవిడ కుర్చీ సీటు దాటాయి.

నీళ్ళు తీసేదాకా ఆ డాబా మీదే ఉన్నాం. పడవల వాళ్ళు పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు విసిరారు. మేం ఒక చివర, డబ్బా ఇంకో చివర. వాసన తగ్గింది గానీ నా భయం తగ్గలేదు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ముక్కు ఎగబీల్చేదాన్ని. ఆయన మాత్రం మా దగ్గర కూర్చోలేదు. మాకూ డబ్బాకీ మధ్య, దానికేసి తిరిగి కూర్చున్నారు.

నీళ్ళు పోయాక ఆటోనగర్ నుంచి తెలిసినవాళ్ళు వచ్చి డబ్బాని జాగ్రత్తగా తీసుకెళ్ళిపోయారు. పెరటి బురదలో కూరుకుపోయిన తుక్కు మొత్తం మా ఆయనే తవ్వి తీసి, తుక్కువాణ్ణి ఆయనే పిలిచి, ఎత్తించేశారు. ఒక్క బేరింగు ఉంచుకోలేదు. మెట్లు కడిగారు. చుట్టాలు పరామర్శకొచ్చి, డాబా ఎక్కి చూసి, "మీకు మెట్లున్నాయా!" అన్నారు.

నేను సంతోషించాలి కదా. సంతోషించలేకపోయాను. ఆయన సాయంత్రం వట్టి చేతులతో వచ్చేవారు. స్కూటర్ తేలిగ్గా మోగేది. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. రోడ్డు పొడవునా జనం పారేసిన సామాను గుట్టలు పోసి ఉంది, పరుపులు, ఫ్రిజ్‌లు, మిక్సీలు, ఫ్యాన్లు. ఇంకోసారైతే ఆయనకి అది జాతర. తల తిప్పి కూడా చూడలేదు. వీధి చివర ఒకరు కుట్టుమిషను పారేశారు. చక్రం నిక్షేపంగా ఉంది, కాస్త బురద పట్టిందంతే. "బాగుంది కదండీ అది?" అని నేనే చూపించాను. "చెత్త. పద" అన్నారు.

అప్పుడు వేసింది నాకు అసలు భయం. అగ్గిపుల్ల చేతిలో పట్టుకున్నప్పటి భయానికి ఒక ముగింపుంది, పేలడమో పేలకపోవడమో. దీనికి లేదు. మనిషి నా పక్కనే నడుస్తున్నారు, నా మనిషి మాత్రం ఆ డాబా మీదే డబ్బాకేసి చూస్తూ కూర్చుండిపోయారు.

ఆయన షెడ్డుకి వెళ్ళాక నేను వీధి చివరికి వెళ్ళాను. కుట్టుమిషను తల ఎత్తుకున్నాను. బరువు చచ్చేంత. చూసినవాళ్ళు "ఇదేంటండీ, ఇప్పుడు మీకూ అంటుకుందా?" అన్నారు. అంటుకుందన్నాను. తెచ్చి, తోమకుండా, బురదతోనే, కడిగిన మెట్ల మీద మొదటి మెట్టు మధ్యలో పెట్టాను.

సాయంత్రం ఆయన వచ్చారు. దాన్ని చూశారు. నన్ను చూశారు. లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని మళ్ళీ వచ్చి, మెట్టు పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. చివరికి చెయ్యి చాచి చక్రం తిప్పారు. కిర్రుమంటూ కాస్త తిరిగి ఆగిపోయింది. వంగి వాసన చూశారు. ఆ వంగడం చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకేసి తల తిప్పారు. పెద్దవాళ్ళ దగ్గర సంజాయిషీ చెప్పుకునే పిల్లాడి గొంతుతో అన్నారు.

"ఇందులో భయపడాల్సిందేం లేదు. వట్టి ఇనుమే. ఇంట్లో ఉంచుకోవచ్చా?"

"ఉండండి, నూనె తెస్తాను" అన్నాను.