లప్పం కింద చెయ్యి

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచి, గోడలకు చెమ్మ వస్తోందా అనో, వానకు పైకప్పు కారిందా అనో అడిగి మూసుకున్నాను. ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా సరిగా లేదేమో. అది నా దగ్గర లేదు. కోరుట్లలో ఒకరి ఇంట్లో, ముందుగది గోడలో ఉంది. వాళ్లు రోజూ దానికి దండం పెట్టుకుంటున్నారు.

నేను గోడలకు లప్పం పట్టి రంగులు వేసేవాణ్ణి. మా నాన్న వెల్గటూర్ దగ్గర తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. నన్నూ ఎక్కించాలని చూశాడు. చిన్నప్పుడే పడ్డాను. కుడిచేతి చిటికెన వేలు విరిగి, వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ లోపలికి వంగే ఉంటుంది. చెట్టు మనకు కాదులే అని గోడలకు వచ్చాను.

సిమెంటు గోడ బాగా ఆరాక, తెల్లటి లప్పం కలిపి, ఇనుప పట్టీతో గోడంతా లాగుతాం. గుంత కనబడితే నింపాలి. పనంతా అదే. కొన్నేళ్లు చేశాక, కన్ను చూడకముందే చెయ్యి నింపేస్తుంది. నా తప్పును దాని మీదికి తోస్తున్నానా? తెలియదు. జరిగింది మాత్రం అట్లాగే.

ఆ ఇంటాయన మస్కట్‌లో పని చేసేవాడు. నేను అన్న అని పిలిచేవాణ్ణి. భారీ మనిషి, చేతులు ఇంతింత. ఇల్లు ప్లాస్టరింగ్ అవుతుండగా సెలవు మీద వచ్చాడు. ఇంట్లోకి పోయే ముహూర్తానికి ఉండే వీలు లేదు, సెలవు ముందే అయిపోతుంది. తిరిగి పోయే ముందు, ముందుగదిలో ఇంకా పచ్చిగా ఉన్న గోడ మీద కుడిచెయ్యి గట్టిగా అదిమాడు. "పీటల మీద కూసోను నేనుండ. గీ చెయ్యికి బొట్టు పెట్టుండ్రి, నేనున్నట్టే" అన్నాడట. మేస్త్రీలు నవ్వారట. ఆయన తల్లి నవ్వలేదు. అవ్వ ఆ చెయ్యి చుట్టూ బొగ్గుతో గీత గీసి, నేను పనికి వచ్చిన మొదటి రోజే, దాని జోలికి పోవద్దని చెప్పింది. సరేనన్నాను.

పోయాను. ముహూర్తం దగ్గర పడుతోంది, సిరిసిల్లలో ఇంకో ఇల్లు నా కోసం ఆగి ఉంది. పై నుంచి కిందికి గబగబా లాగుతున్నాను. పట్టీ ఎత్తి చూసేసరికి గోడ నున్నగా ఉంది. బొగ్గుగీత లేదు. చెయ్యి లేదు.

అప్పటికి లప్పం పచ్చిదే. చెంబెడు నీళ్లు, ఒక గుడ్డ ఉంటే చాలు, కడిగేస్తే ఆయన చెయ్యి ఆయనకు వచ్చేది. ఇది నాకు అప్పుడు తెలియదా? రోజూ చేసే పని కదా, ఎందుకు తెలియదు? వెనక వంటింట్లోంచి గ్లాసు చప్పుడైంది, అవ్వ చాయ్ తెస్తోంది. కడుగుతుంటే చూస్తుంది, తిడుతుంది. అంతే కదా భయం. తిడితే ఏమయ్యేది? ముసలామె తిట్టుకు జడిసి ఎవరైనా అంత పని చేస్తారా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, కడుక్కోను కూడా లేదు. నా కుడిచెయ్యి ఆ మెత్తటి లప్పంలోకి దిగింది. నేను పెట్టానా, అదే పోయిందా, ఇప్పటికీ తేల్చుకోలేను.

అవ్వ వచ్చి చూసింది. గట్టిగా ఉండాలని మీద కొంచెం లప్పం అంటించానని చెప్పాను. చాయ్ గ్లాసు కింద పెట్టి వెళ్లింది. మర్నాడు అది ఆరాక, వచ్చి తన చెయ్యి అందులో పెట్టింది.

"నా కొడుకు చెయ్యి గింత చిన్నగుంటదా?" అంది.

"లప్పం ఎండితె గుంజుకుంటదవ్వా. పెద్ద చెయ్యి గూడ చిన్నగైతది."

"చిటికెనేలు వంగింది?"

"గదీ గంతే. ఎండినప్పుడు గుంజింది."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను పట్టీ తుడుచుకుంటున్నాను.

"గట్లనా కొడుకా" అంది. వెళ్లిపోయింది.

లప్పం అట్లా గుంజుకోదు. గుంజుకుంటే గోడంతా పగుళ్లే. ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు తలుచుకున్నది ఆ "గట్లనా" అన్న మాటనే.

ఇంట్లోకి పోయిన నాడు నన్నూ భోజనానికి పిలిచారు. ఆ గోడ పక్కనే పీట వేసి అన్న భార్యను, వదినను, కూర్చోబెట్టారు. చెయ్యికి పసుపు రాసి, బొట్టు పెట్టారు. పంతులు వదిన మీద వేసిన అక్షింతలే ఆ చెయ్యి మీదా వేశాడు. నా చెయ్యి మీద! మరొకరి భార్య పక్కన, మరొకరి పీట మీద, నేను పెళ్లికొడుకులా కూర్చున్నట్టు అనిపించింది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. అన్న ఫోన్‌లో చూసి నవ్వుతున్నాడు. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ఆయనకు చెప్పేద్దాం అనుకున్నాను. వీపు మీద ఒకటి చరిచి, ఇంకోచోట మళ్లీ చెయ్యి పెట్టేవాడు. అంతటితో పోయేది. నిజంగా చెప్పేవాణ్ణే. అట్లా అనుకోవడం నాకు బాగుంటుంది.

ఆయన రాలేదు. అక్కడే, పని నుంచి గదికి వచ్చి పడుకున్నవాడు లేవలేదు. పెట్టె వచ్చింది. మొహం మటుకు చూపించారు. చేతులు గుడ్డలో చుట్టి ఉన్నాయి.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఆయనది అంటూ మిగిలింది ఆ చెయ్యే. ఫొటో దాని పక్కనే పెట్టారు. దండ ఫొటోకు వేస్తారు, బొట్టు చెయ్యికి పెడతారు. నేను కోరుట్లలో ఉండలేకపోయాను. పని ఎక్కువ దొరుకుతుందని అందరికీ చెప్పి సిరిసిల్లకు మారాను. కొత్త ఇళ్లకు పోయినప్పుడు, ఎక్కడైనా గుంత కనబడితే నింపేముందు చెయ్యి ఆగుతుంది. ఇప్పుడు ఆగి ఏం లాభం?

మొన్న వదిన ఫోన్ చేసింది. గోడలు మాసిపోయాయి, రంగులు వేయాలి, నువ్వే రావాలి అంది. "గా చెయ్యి సంగతి నీకెరికేనాయె తమ్మీ. ఇంకొకల్లైతే పాడు జేస్తరు" అంది. వస్తానన్నాను.

పోయి చూసి వచ్చాను. అన్న పోయినప్పుడు నడక నేర్చుకుంటున్న ఆయన కూతురు ఇప్పుడు పెద్ద పిల్లయింది. బయటికి పోతూ గోడ మీద చెయ్యి పెట్టి పోయింది. పెట్టేటప్పుడు చిటికెన వేలు వంచింది. ఆ గుంతలో సరిగ్గా కుదరాలని. వాళ్ల బాపు వేలు అట్లాగే ఉండేదని ఆ పిల్ల అనుకుంటోంది. ఇన్నేళ్లలో ఎవరూ కాదని చెప్పలేదా? వదినకు తన మనిషి చెయ్యి తెలియదా? తెలిసే ఊరుకున్నదా? ఒకవేళ వాళ్లందరికీ తెలుసా, తెలుసన్న సంగతి నాకొక్కడికే తెలియదా? నాకు ఏమీ అర్థం కావడం లేదు.

ఆ ఇంట్లోకి పోతే నేను కుడిచెయ్యి తువ్వాల కింద పెట్టుకుంటాను. ఆ రోజు చాయ్ అవ్వే తెచ్చింది. ఆమెకు చూపు ఆనడం లేదు. ఎడంచెయ్యితో అందుకుంటే మర్యాద కాదని కుడిచెయ్యి చాచాను. ఆమె వేళ్లు నా చిటికెన వేలు మీద పడ్డాయి. ఆగాయి. వంపు మీదుగా నెమ్మదిగా కొసదాకా పోయి మళ్లీ ఆగాయి.

"చాయ్ సల్లారుతది, తాగు కొడుకా" అంది.

సోమవారం పని మొదలుపెట్టాలి. పాత లప్పాన్ని నీళ్లతో నానబెట్టి గీకితే ఊడి వస్తుంది. సిమెంటు ఊడదు. అంటే ఆయన చెయ్యి కింద అట్లాగే ఉండాలి. ఉంటుందా? లప్పం పట్టకముందు ఆ గోడను గరుకు కాగితంతో రుద్దానా లేదా, ఎంత ఆలోచించినా గుర్తు రాదు. రుద్ది ఉంటే రేఖలు పోయి ఉంటాయి, గుంత మటుకే మిగిలి ఉంటుంది. పైగా ముందు నాది చెరిపితే తప్ప ఆయనది కనబడదు. చెరుపుతుంటే ఆ పిల్ల చూస్తే? అప్పుడు ఆమెకు తండ్రి దొరుకుతాడా, రెండోసారి పోతాడా? చెప్పకుండా చుట్టూ రంగు వేసి వచ్చేస్తే, అవ్వ పోయేదాకా, ఆ తర్వాత కూడా, వాళ్లు నా చెయ్యికే బొట్టు పెడుతుంటారు.

ఏం చేస్తానో నాకు తెలియదు. మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఈ మాట ఒక్కసారైనా నా లోపలి నుంచి బయటికి రావాలి, అంతే. ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.

ఆ గోడ మీద ఉన్నది నా చెయ్యి. ఆయనది దాని కింద ఉంది.