కోబేలో కాళ్ళ మీద పోసిన నీళ్ళు

కోబే అనగానే నాకు ముందు గుర్తొచ్చేవి నా బూట్లు. ప్రయాణం కోసం మా ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో కొన్న కొత్త జత. ఒక్కసారైనా ఇంట్లో తొడిగి చూసుకోకుండా జపాను దాకా మోసుకుపోయిన తెలివి నాది. దిగిన రెండో రోజుకే మడమలు చీరుకుపోయాయి.

ఎనభైలు ముగుస్తున్న రోజులవి. రైలు చక్రాలు చిత్రిక పట్టే కొత్త రకం లేత్ నడపడం నేర్చుకోమని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు నుంచి నన్నూ, నాతో పనిచేసే ఒక బెంగాలీ దాదానీ ఆరు వారాలు పంపారు. తొలి ఆదివారం అక్కడ మాకిచ్చిన దుబాసీ అమ్మాయి మమ్మల్ని ఊరంతా తిప్పింది. విదేశీ ఓడలు ఆగిన పాత రేవు, వాటిలో వచ్చిన వర్తకులు కొండ మీద కట్టుకున్న చెక్క ఇళ్ళు. మెట్లు, మళ్ళీ మెట్లు. ఆ ఇళ్ళ కిటికీ అద్దాలు ఎంత పాతవో ఆమె చెబుతుంటే, నేను కూర్చోవడానికి అరుగేదైనా ఉందా అని చూస్తున్నాను. దాదాకేమో దుర్గాపూజకి ఇంటి దగ్గర లేనన్న దిగులు. నా దిగులు వేసవి నుంచి నాతోనే తిరుగుతోంది.

ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్ళుండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఏటా వేసవిలో అమ్మవారి పల్లకి ఊరేగుతుంది. ముందు కుడివైపు బొంగు కింద ఇరవై ఏళ్ళుగా నా భుజమే. నా వెనక మా అక్క కొడుకు. వాడికి అడుగు కలపడం నేర్పిందీ నేనే. ప్రతి గుమ్మం ముందూ పల్లకి ఆగితే, ఇంట్లోవాళ్ళు వచ్చి మోసేవాళ్ళ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోస్తారు. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచినవాడికి ఆ చెంబెడు నీళ్ళు ప్రాణం పోస్తాయి.

జపాను వెళ్ళడానికి ముందు ఏడు సైకిలు మీంచి పడి భుజం విరిగింది. పూర్తిగా నయమైందని అందరికీ చెప్పాను. కాలేదని నాకు తెలుసు. జపాను వెళ్ళిన ఏడు వేసవిలో ఒక సందు మలుపులో నా భుజం జారింది. పల్లకి ఒరిగింది. అమ్మవారి విగ్రహం కింద పడబోతే ఎవరో పట్టుకున్నారు. పెద్దలు కేకలేశారు. నేను గిరుక్కున వెనక్కి తిరిగి, "ఏట్రా ఆ నడక? కాలు సూసి ఎయ్యలేవా?" అని మేనల్లుడి మీద విరుచుకుపడ్డాను. పెద్దలు వాణ్ణి అక్కడికక్కడే బొంగు వదిలెయ్యమన్నారు. వదిలేశాడు. ఆ తర్వాత మా గడప తొక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ బొంగు మాత్రం వదల్లేదు.

మరుసటి ఆదివారం దుబాసీ అమ్మాయి రైల్లో పడమరగా, సముద్రం ఒడ్డునున్న పల్లెకి తీసుకెళ్ళింది. శరత్కాలంలో ఆ చుట్టుపక్కల ప్రతి ఊరి గుడికీ పండగేనట. బంగారు రంగు చిన్న గుడిని, లోపల కూర్చుని డోలు వాయించేవాళ్ళతో సహా, నలభై మంది పొడుగాటి దుంగల మీద మోసుకొస్తున్నారు. ఒక ఇంటి ముందు దించారు. మోసేవాళ్ళకి చెమట ధారలు కడుతోంది. ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడి వంగి దణ్ణం పెట్టారు. ఒక్కరి చేతిలోనూ చెంబు లేదు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత బరువు మోసుకొస్తే కాళ్ళ మీద చుక్క నీళ్ళయినా పొయ్యరా? సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, దగ్గరున్న మనిషి కాళ్ళ మీద గుమ్మరించేశాను. అతను గుడ్డ జోళ్ళు వేసుకున్నాడని ఆ తర్వాత చూశాను. ఎగిరి గంతేశాడు.

"ఏ కీ కోర్లే!" ఎంత పని చేశావంటూ దాదా తల పట్టుకున్నాడు. దుబాసీ అమ్మాయి వంగి వంగి క్షమాపణలు చెప్పుకుంది. నేనూ మోసేవాణ్ణేనని నా భుజం తట్టుకుని, దుంగ చూపించి, వచ్చిన సైగలన్నీ చేశాను. విసనకర్ర పట్టుకుని పక్కన నిలబడ్డ ముసలాయనకి అర్థమైంది. నవ్వి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దుంగ కింద చోటిప్పించాడు.

లేపారు. పది అడుగులు వేశానో లేదో చెయ్యి మొద్దుబారింది, కళ్ళు తిరిగాయి. ముసలాయన చొక్కా పట్టి నన్ను బయటికి లాగాడు. నా చోట్లోకి ఇంకొకడు దూరాడు. గుడి ఒరగలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు. ఆయన తన అంగీ జరిపి, భుజం మీద ఎప్పటిదో కాయ కట్టిన చోటు నాకు చూపించాడు. తర్వాత మోసేవాళ్ళకి విసురుతూ పక్కన నడవసాగాడు. ఆయన వెనకే నేనూ కుంటుకుంటూ నడిచాను. నా అబద్ధంతో నేను ఎంత అలిసిపోయానో ఆ దారిలో తెలిసింది.

మళ్ళీ వేసవి వచ్చింది. ఇక మొయ్యలేను, నా చోటు మేనల్లుడికివ్వండి అని పెద్దలకి చెప్పాను. వాళ్ళు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. అంతకు మించి చెప్పే ధైర్యం నాకు రాలేదు.

పల్లకి మా క్వార్టర్ ముందు ఆగింది. మా ఆవిడ చేతిలోంచి చెంబు తీసుకుని నేనే మెట్లు దిగాను. ముందు కుడివైపు బొంగు కింద మేనల్లుడు. పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దలందరికీ వినపడేలా అన్నాను.

"నిరుడు జారింది నా బుజమేరా. నీ కాలు కాదు."

వాడు బొంగు కింద నుంచి తల వంచి నా వైపు చూశాడు.

"తెలుసు మావా. నీ ఎనకే ఉన్నాను గదా. ముందా నీళ్ళు పొయ్యి, కాళ్ళు మండిపోతన్నాయి."