రెండుసార్లు రిటైరైన మా అమ్మ

మా అమ్మ రెండుసార్లు రిటైరైంది. ఈ మాటంటే తెనాలిలో మా వీధివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

నాన్న ఉద్యోగంలో ఉండగానే పోతే, కారుణ్య నియామకం కింద అమ్మకు రేపల్లెలో ఓ ప్రభుత్వాఫీసులో అటెండరు ఉద్యోగం ఇచ్చారు. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్లడం, సాయంత్రం గోంగూర ఒలుచుకుంటూ అందులోనే తిరిగి రావడం. ఆఫీసులో ఆవిడ చోటు ఆఫీసరు గది బయట ఉండే స్టూలు. వీపు ఆనించడానికేమీ ఉండదు. బెల్లు మోగితే లేవాలి, ఎవరొచ్చినా లేవాలి. ఇంటికొచ్చి నడుం వాల్చి, "ఉద్యోగం దిగిపోయేలోపు ఒక్కసారైనా కుర్చీలో కూర్చుని పని చెయ్యాలే" అనేది.

అందుకు రికార్డు అసిస్టెంటు కావాలి. దానికి పదో తరగతి పాసవ్వాలి. అమ్మ ఓపెన్ స్కూల్లో చేరితే లెక్కలు నేనే చెప్పాను. చెప్పానంటే అరిచాను, నాకు ఓపిక తక్కువ. "నీ జీతంలో కోతలన్నీ నోటికి చెప్తావు, ఇదెందుకు రాదు?" అంటే, "జీతం నాది కాబట్టి" అనేది. మొత్తానికి పాసైంది. ప్రమోషన్ ఫైలు మాత్రం ఎక్కడో పడుకుంది. ఈలోగా అరవై నిండిపోయాయి.

నాకు ఒళ్లు మండింది. బాపట్లలో నాది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రమోషన్లూ పెన్షన్లూ మాకెలాగూ లేవు, ఉన్నవాళ్లకైనా అందాలి కదా!

మా వైపు రిటైరైన మనిషిని ఒంటరిగా ఇంటికి పంపరు. దండ వేసి, కారెక్కించి, ఆఫీసంతా వెంటవచ్చి దిగబెట్టి, భోంచేసి వెళ్తారు. అమ్మకు అందరూ చందాలేసుకుని బహుమతి కూడా తెచ్చారు. చూస్తే టేకు కుర్చీ! అమ్మ "ఇప్పుడెందుకయ్యా ఇది" అని మొహం తిప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది.

పాస్టరుగారు ప్రార్థన చేశాక బిర్యానీ వడ్డిస్తుంటే, హెడ్డుగుమస్తాగారి ఫోను మోగింది. మాట్లాడి, ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డారు.

"అక్కా, రిటైర్మెంటు వయసు రెండేళ్లు పెంచారంట! మీక్కూడా వర్తిస్తుందంట. రేపు పొద్దున్న పాసింజరుకే వచ్చేయండి!"

ముందు అమ్మే నవ్వింది. తర్వాత ఇల్లంతా ఒకటే గోల. అమ్మ మెడలో దండ తీసి, "అయితే మీ కుర్చీ మీరు తీసుకెళ్లండి బాబూ" అంది.

"ఉంచుకోండక్కా. మళ్లీ రిటైరైనప్పుడు మాత్రం ఏమీ పెట్టం" అన్నారాయన.

ఆ రెండేళ్లలోనే ఫైలు కదిలింది. అమ్మ రికార్డు అసిస్టెంటయింది. టేబులిచ్చారు, కుర్చీ లేదు. కొత్తది వచ్చేదాకా స్టూలే వేసుకోమన్నారు. అది విని నేను గయ్యిమన్నాను. అమ్మ మాత్రం మర్నాడు టేకు కుర్చీని ఆటోలో వేయించి స్టేషనుకు బయల్దేరింది. సాయంగా నేనూ వెళ్లాను.

"ఏంటి పిన్నీ, రైల్లో సీట్లు చాల్లేదా?" అని రోజూ వచ్చే ఆడవాళ్లు ఆటపట్టించారు. అమ్మ రేపల్లె దాకా ఆ కుర్చీలోనే కూర్చుంది. ఆవిడ అంత గర్వంగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మొన్న రెండోసారి, ఈసారి నిజంగానే, రిటైరైంది. మళ్లీ దండ, మళ్లీ కారు. కారు మీద కట్టడానికి కుర్చీని బయటికి తెస్తుంటే అమ్మ ఆపింది. ఆఫీసరు గది బయట స్టూలు మీంచి కొత్త అటెండరు లేచి నిలబడి ఉంది. అమ్మలాగే భర్త పోయాక ఉద్యోగంలో చేరిన పిల్ల. అమ్మ స్టూలు పక్కకు జరిపించి, కుర్చీ అక్కడ వేయించింది.

"కూర్చోమ్మా."

ఆ పిల్ల భయంగా ఆఫీసరుగారి వంక చూసింది. "కూర్చోండి, పర్లేదు" అన్నారాయన. కుర్చీ అంచున కూర్చుంది.

"వెనక్కి ఆనుకో" అంది అమ్మ. ఆ పిల్ల ఆనుకున్నాకే అమ్మ కారెక్కింది.