నాన్నగారి ముఖానికి అచ్చు తీసిన శనివారం

శవం గోళ్లకి రంగు కలపడంలో నాకు మంచి పేరుండేది. కాస్త నీలం, కాస్త బూడిద, గోరు మొదట్లో కొద్దిగా వంగపండు ఛాయ. డెబ్బైల చివర్లో కాలిఫోర్నియాలో సినిమాలకి రబ్బరు ముక్కులు, కాలిన చర్మాలు, చచ్చినవాళ్ల ముఖాలు తయారుచేసే పనిలో చేరాను. మా తెలుగు చర్చిలో ఒక్కరికీ నచ్చలేదు. దేవుడిచ్చిన ముఖాన్ని పాడుచేసే పని అని ఒక ఆంటీ నా ఎదురుగానే అంది. మరి మీ లిప్‌స్టిక్ మాటేమిటని అడిగాను. ఆ తర్వాత వాళ్లింట్లో ప్రార్థనకి నన్ను పిలవలేదు. పీడా పోయింది.

ఎనభైలలో ఫ్రీమాంట్ దగ్గర ఒక కాలేజీలో శనివారాలు ఆ పనే నేర్పడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లోనే నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు నా దగ్గరున్నారు. హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అమ్మాయి ఏం చేస్తుందని చర్చిలో ఎవరైనా అడిగితే, టీచరని చెప్పి ఊరుకునేవారు. ఏం టీచరో చెప్పేవారు కాదు. ఒక్కసారి నా క్లాసు చూస్తే ఆయనకే తెలుస్తుందనుకున్నాను. ముసలి ముఖానికి అచ్చు తీయడం నేర్పాల్సిన వారం, మీరు కూర్చుంటారా అని అడిగాను. కాస్త జలుబుగా ఉందంటూనే ఇస్త్రీ చొక్కా తీసి తొడుక్కున్నారు. ఆ జలుబు మాట నేను చెవిన పెట్టలేదు.

పళ్ల డాక్టర్లు అచ్చుకి వాడే పొడిని నీళ్లలో జావలా కలిపి ముఖమంతా పోస్తాం. కళ్లు, నోరు, చెవులు మూసుకుపోతాయి. అది గట్టిపడ్డాక పైన ప్లాస్టర్ పట్టీలు వేస్తాం. ముక్కు రంధ్రాలు రెండే తెరిచి ఉంచుతాం. అందుకని నా క్లాసులో ఒక నియమం ఉంది. బాగుంటే బొటనవేలు చూపించాలి. ఏమాత్రం తేడాగా ఉన్నా చెయ్యి పైకెత్తాలి, వెంటనే తీసేస్తాం. నాన్నగారికి మూడుసార్లు చెప్పాను. మూడోసారికి విసుక్కున్నారు.

ముక్కు దగ్గర ఒక స్టూడెంట్‌ని కాపలా పెట్టి, మిగతావాళ్లకి ప్లాస్టర్ గురించి చెబుతున్నాను. ఆ అమ్మాయి నిమిషానికోసారి ఆయన భుజం తట్టేది, బొటనవేలు లేచేది. మొదట్లో ఊపిరి సన్నగా ఈల వేసినట్టు వినిపించేది. కాసేపటికి ఆ ఈల ఆగిపోయినట్టు అనిపించింది. అమ్మాయిని అడిగితే, బాగానే ఉన్నారు, వేలు చూపిస్తున్నారు కదా అంది. నిజమే, వేలు లేచే ఉంది. నేను మళ్లీ బోర్డు వైపు తిరిగాను. ఆ తిరిగినందుకు ఇవాళ్టికీ నన్ను నేను క్షమించుకోలేదు.

మనసొప్పక ఇంకోసారి చూశాను. ఈసారి వేలు కాదు, గోరు కనబడింది. నేను కలిపే రంగే. కానీ ఆ గోటికి ఎవరూ రంగు పూయలేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలా లాగానో తెలియదు, ప్లాస్టర్ అంచుకి అరచెయ్యి తెగింది. ముఖం బయటపడగానే ఆయన బావిలోంచి తీసిన మనిషిలా గాలి మింగారు. ఒక రంధ్రం జలుబుకి ముందే మూసుకుపోయింది. రెండోదాంట్లోకి జావ జారి గడ్డకట్టింది, వెంట్రుక పట్టేంత సందు మిగిలింది. పెదవులు నల్లగా ఉన్నాయి. పిల్లలందరూ గోడకి అంటుకుపోయారు. కాపలా ఉన్న అమ్మాయి ఏడుస్తోంది.

ఆయన దమ్ము తిరిగిందని తెలిశాక నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ తెలుగులో అరిచాను. చెయ్యెత్తమని చెప్పానా లేదా, ఊపిరాడకుండా ఆ వేలెందుకు చూపించారు, మీకేమైనా అయితే నేనేం కావాలి అని. ఆయన గడ్డానికి అంటిన జావ తుడుచుకున్నారు, నా స్టూడెంట్ల వైపు ఒకసారి చూశారు. తర్వాత వాళ్లకి వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించారు.

"పాఠం చెప్తున్నావు గదమ్మా. మధ్యలో ఆపితే నీ పిల్లల ముందు నీ పరువేంగాను?"