నాలుగొందల పదిహేడో నెంబరు బిళ్ళ

మా ఇంటి వాకిలి పక్కన, స్విచ్చుబోర్డుకు జానెడు కింద, గోడకు ఒక మేకు ఉంది. చాలా ఏళ్ళు దానికి ఒక ఇత్తడి బిళ్ళ వేలాడేది. రూపాయి బిళ్ళకు రెండింతలు ఉంటుంది. పైన ఒక చిల్లు, మధ్యలో 417 అని గుద్దిన అంకె. అది మా మామది, అంటే నా భార్య తండ్రిది. గోల్డ్ ఫీల్డ్స్‌లో బంగారు గని మూతపడేదాకా ఆయన, లోపలికి దిగే షాఫ్టు పక్కన, టోకెన్ల కిటికీలో కూర్చున్న మనిషి.

గనిలోకి దిగే ప్రతివాడూ ఆ కిటికీ దగ్గర నెంబరు చెప్పి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు ముగిసి పైకి రాగానే తిరిగి ఇస్తే, మామ దాన్ని బోర్డు మీద ఆ నెంబరు మేకుకు తగిలిస్తాడు. బోర్డు మీద మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. ఎవడైనా బిళ్ళ పోగొట్టుకుంటే కిటికీ ముందు నిలబడి, ఎట్లా పోయిందో ఒక్క ముక్కలో చెప్పాలి. అది నిజమని మామకు నమ్మకం కుదిరితే మేకు పక్కన సీమసున్నంతో నెంబరు రాసేవాడు. రాసేదాకా వాడు కళ్ళెదుట నిలబడి బీడీ కాలుస్తున్నా సరే, పైకి రానట్టే.

బోర్డు నిండేదాకా మామ కిటికీ మూసేవాడు కాదు. ఒకసారి మాత్రం ఒక మేకు నిండలేదట. లోపల బండ పగిలిన రోజు అది. ఆ సంగతి మామ ఒక్కసారే చెప్పాడు, అదీ మూడు మాటల్లో. అదే నేనైతే మూడు రోజులు చెప్పేవాణ్ణి. 417 మాత్రం ఆయన ఎరిగినంతలో ఒక్కనాడూ పైకి రాకుండా ఉండలేదు. బండ పగిలిన రోజు కూడా వచ్చింది. గని మూసి పాత సామాన్లు ఎత్తేస్తున్నప్పుడు ఆయన అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు దూరం వెళ్ళినా ఆ బిళ్ళ వెంట వెళ్ళేది. నా భార్య కాన్పుకు ఆసుపత్రికి వెళ్తే చీర కొంగుకు ముడేసుకుని వెళ్ళింది. మా అమ్మాయి మైసూరులో పరీక్షకు వెళ్తే పెన్సిళ్ళ డబ్బాలో వెళ్ళింది. తిరిగొచ్చినవాళ్ళు చెప్పులు విప్పకముందే దాన్ని మేకుకు తగిలించాలి.

ఇక నా సంగతి. నేను చెప్పేదాంట్లో సగం తీసేయాలని మా గనివాళ్ళ లైను ఇళ్ళల్లో అందరికీ తెలుసు. మిగతా సగంలో ఏది ఉంచుకోవాలో మాత్రం ఎవరికీ తెలీదు. బేతమంగళం చెరువులో నేను పట్టిన చేప గాలాన్ని మింగి ఊరుకోక నా సైకిలును కూడా నీళ్ళలోకి లాగిందని చెప్పుకున్న మనిషిని. అట్లాంటివాణ్ణి, మోటార్ సైకిల్ మీద రాజస్థాన్ ఎడారికి వెళ్ళొస్తానని ఇరవై ఏళ్ళుగా టీ అంగడిలో చెబుతూ వచ్చాను.

"నువ్వు ఈడుండే లక్కూరు దాటితే సాలప్పా, మేము పూలదండ తెస్తాం" అనేవాడు అంగడాయన.

యాభై రెండో ఏట, ఒక చలికాలం, నిజంగానే బయలుదేరాను. నా భార్య వేయించిన రాగిపిండి, పప్పుల పొడి డబ్బాల్లో కట్టిచ్చింది. మామ మేకు మీదనుంచి బిళ్ళ తీసి అరచేతిలో పట్టుకున్నాడు.

"నెంబరు సెప్పు."

"నాలుగొందల పదిహేడు, మామా."

"కతలు తేకపోయినా పర్వాలా. దీన్ని తే."

దాన్ని బండి తాళాల గుత్తికి తగిలించుకున్నాను. హుబ్బళ్ళి, కొల్హాపూర్, వడోదర, జోధ్‌పూర్. ఆరు రోజులు నడుమూ నేనూ మాట్లాడుకోలేదు. రోజూ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. మామ ఫోన్ తీసుకుని బాగున్నావా అని కూడా అడిగేవాడు కాదు. "నెంబరు" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి. "ఊఁ" అని ఫోన్ ఇచ్చేసేవాడు.

జైసల్మేర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా ఇసుక మొదలైంది. నోరెళ్ళబెట్టి చూడాల్సింది పోయి నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు సైనైడు దిబ్బలు మాకు కొండలు. గనిలోనుంచి తెచ్చిన రాతిని పొడి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన తెల్లటి మన్నును ఊరి పక్కన కుప్ప పోశారు. ఆషాఢం గాలికి ఆ మన్ను లేచి అన్నంలో, పక్కబట్టల్లో, అమ్మ ఆరేసిన వడియాల్లో పడేది. నేను బండి నేర్చుకున్నది ఆ దిబ్బల అంచునే. పడినా దెబ్బ తగలదు కదా. సైరను మోగితే బండి ఆపి, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళను చూసేవాణ్ణి. ఎవరి మొహం ఎవరిదో తెలిసేది కాదు, కళ్ళు తప్ప. ఇప్పుడు సైరనూ లేదు, ఆ కళ్ళూ లేవు. రెండు వేల కిలోమీటర్లు వచ్చి, ఎవరి ఇసుకలోనో కూర్చుని, మా అమ్మ వడియాలను తలుచుకున్నాను.

తప్పు జరిగింది ఆ మధ్యాహ్నమే. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో టీ అంగడి. పదిమందిదాకా లారీవాళ్ళు మంచాల మీద కూర్చుని ఉన్నారు. ఎక్కడినుంచి వచ్చావని అడిగారు. బంగారు గనుల ఊరినుంచి అన్నాను. వాళ్ళ చూపు నా తాళాల గుత్తి మీద పడింది. ఇరవై ఏళ్ళు మా వాళ్ళ చేతులు తగిలి తగిలి ఆ ఇత్తడి మెరిసిపోతూ ఉంటుంది. బంగారమా అని అడిగారు.

కాదు అంటే అయిపోయేది. నేను నోరు తెరిచాను. మా గనిలో తీసిన మొదటి ముద్దనుంచి చేసిందనీ, మా వంశంలో నాలుగో తరంవాడిగా నాకు దక్కిందనీ వచ్చీరాని హిందీలో చెప్పాను. నా హిందీ అంత బాగా ఎప్పుడూ పలకలేదు. చూస్తామన్నారు. గుత్తినుంచి తీసి ఇచ్చాను. చేతినుంచి చేతికి వెళ్ళింది. ఒకాయన కళ్ళకద్దుకున్నాడు. ఇంకో టీ తెప్పించారు. ఆ టీ తాగి చూసేసరికి రెండు లారీలు వెళ్ళిపోయాయి. బిళ్ళ ఎవరి చేతిలో ఆగిందో ఎవరికీ తెలియదు. అది ఉత్త ఇత్తడి, మా మామది అని అప్పుడైనా అరిచి ఉంటే వెనక్కి వచ్చేదేమో. అంతమంది ముందు నా కథ నేనే చెరుపుకోవడానికి నోరు రాలేదు.

ఆ సాయంత్రం ఫోన్‌లో నెంబరు చెప్పాను. నెంబరు ఉంది కదా, బిళ్ళే లేదు. నా భార్య గొంతు తగ్గించి అంది:

"నువ్వు పోయినప్పట్నుంచీ నాయిన సరింగా నిద్రపోలేదయ్యా. మేకు జూస్తా కూచోనుండాడు. బెరీన రా."

తిరుగు ప్రయాణంలో రోజుకొక కథ కట్టాను. ఇసుక తుఫానులో పోయింది. దొంగలు అడ్డగించారు. ఒంటె మింగింది. ఒంటె కథ మాత్రం బాగా కుదిరింది, దాంట్లో వెంటపడటం కూడా ఉంది. బంగారుపేట దగ్గరికి వచ్చేసరికి దాన్ని నేనే నమ్మే స్థితిలో ఉన్నాను.

ఇల్లు చేరేసరికి పదిగంటల ఎండ. మామ వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. నేను బయలుదేరిన పదిహేనో రోజు అది. కళ్ళ కింద నల్లగా ఉంది. నన్ను చూసి నవ్వలేదు. నా చేతులు చూశాడు.

"బిళ్ళ యాడప్పా?"

ఒంటె నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన వెనక ఖాళీ మేకు కనిపించింది. చెప్పులు విప్పకుండా నిలబడ్డాను.

"బంగారమని గొప్పలు చెప్పినాను మామా. చూస్తామంటే ఇచ్చినాను. ఎవరో తీసుకొనిపోయినారు."

నా భార్య గుమ్మంలోంచి "ఇంగో కత మొదలుపెట్టినాడు" అంది.

మామ నా మొహంలోకి చూశాడు. కిటికీలోనుంచి ఎన్ని వేల మొహాలను అట్లా చూశాడో.

"కత కాదమ్మా, నిజమే. ఇంత సప్పని అబద్ధం ఈయన సెప్పడు."

కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. దేవుడి గూట్లోనుంచి సీమసున్నం ముక్క తెచ్చాడు. "నెంబరు" అన్నాడు. చెప్పాను. మేకు పక్కన అచ్చు గుద్దినట్టు రాశాడు: 417.

"ముప్పై ఏండ్లు ఇత్తడి బిళ్ళలు ఇచ్చినాను. ఒక్కడూ ఎత్తుకొని పోలేదు. నువ్వొక్కడే దానికి ఇలువ తెచ్చినావు" అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిచినా లేవలేదు. ఆయన గురక వింటూ నేనూ నా భార్యా గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ తిన్నాం.

మరుసటి రోజు టీ అంగడిలో ఒంటె కథ మొదలుపెట్టాను. పారేయడానికి మనసొప్పలేదు. ఎడారిలో ఒంటె బిళ్ళను మింగడం, నేను బండి మీద రెండు ఊళ్ళు దాటి వెంటపడటం.

"మింగింది అనుకుందాంప్పా. సూసినోళ్ళు ఎవురు?" అన్నాడు అంగడాయన.

మూల బెంచీ మీద మామ గ్లాసులోకి ఊదుకుంటూ కూర్చున్నాడు. కిటికీలో ఉన్నన్నాళ్ళూ ఒక్క అబద్ధమూ రాయని మనిషి. తల ఎత్తకుండానే అన్నాడు:

"ఒకటి కాదప్పా, రెండు ఒంటెలు. ఒకటి మింగింది. ఇంగొకటి సూసింది."