ముప్పై ఆరు నడుములు

కరోనా సద్దుమణిగిన ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. ఇంగ్లిషులో వచ్చిన కాగితంలో ఏం రాసుంటే అది చెయ్యకపోతే జైల్లో వేస్తారని గట్టిగా నమ్మే వయసు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, షార్జాలోని సజ్జా అనే పారిశ్రామిక వాడలో హోటల్ యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాను. జర్మనీ హోటలొకటి ముప్పై ఆరు మందికి బట్టలు కుట్టమంది. పేర్లూ కొలతలూ ఉన్న జాబితాని మా కటింగ్ మాస్టరు (అమలాపురం వైపు పెద్దాయన) గోడకి అంటించి, పక్కన తన అభిప్రాయాలు కూడా రాసుకున్నారు: 'పొట్ట ముందుకు', 'కూర్చుంటే కష్టం'.

ఒకరోజు ఆ హోటల్ నుంచి పన్నెండు పేజీల ఉత్తరం వచ్చింది. యూరప్ చట్టం ప్రకారం మనిషి నడుం కొలత అతని సొంత సమాచారమట. అవసరం లేనివాళ్ల కంట పడకూడదట, పని అయిపోగానే చెరిపేయాలట. మా ముదీర్ (మేనేజరుని అక్కడ అలాగే అంటారు) మొదటి పేజీ చూసి, ఇకమీదట దీనికి బాధ్యుడివి నువ్వేనని నాకు అప్పగించాడు (హోదా పెరిగింది, కుర్చీ మారలేదు). నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని పన్నెండు పేజీలూ చదివాను. గోడ మీది జాబితా పీకి చింపేశాను. బట్టలకి పేర్ల బదులు నంబర్లు వేయించి, ఏ నంబరు ఎవరిదో ఒక ఫైల్లో దాచాను. కుట్టడం పూర్తయిన సాయంత్రం, పని అయిపోయింది కాబట్టి, ఆ ఫైలూ మెయిల్లో వచ్చిన జాబితా రెండూ చెరిపేసి ప్రశాంతంగా పడుకున్నాను.

మర్నాడు ప్యాకింగ్ వాళ్లు వచ్చి, ఏ జత మీద ఎవరి పేరు అంటించాలని అడిగారు.

మళ్లీ జాబితా పంపమని హోటల్‌ని అడిగితే ఆర్డర్లు ఖలాస్ అన్నాడు ముదీర్. నా ఉద్యోగం సంగతి విడిగా చెప్పలేదు. మాస్టరు ముందుకెళ్లి, "మాస్టర్ సాబ్, తప్పయింది" అన్నాను. ఆయన తిట్టలేదు. ఒక ప్యాంటు తీసి నడుం దగ్గర టేపు పెట్టి, "రాసుకో అబ్బాయ్, ఇది మార్టిన్‌ది. మూడు వారాలు గోడ మీద చూశాను కదా, మా వియ్యాలవారి కంటే వీళ్లే బాగా గుర్తు" అన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ముప్పై ఆరు మందీ దొరికారు.

బట్టలన్నీ సరిపోయాయని జర్మనీ నుంచి కబురొచ్చింది. కొలతలు చెరిపేశారా అని కూడా అడిగారు. అబద్ధం ఆడలేక, ఒక ప్రతి మాత్రం మా మాస్టరు తలలో మిగిలిందని రాశాను. దాన్ని ఎవరెవరు చూడగలరని తిరిగి అడిగారు. మాస్టరుని అడిగితే, "మా ఆవిడక్కూడా అందదని రాయి" అన్నారు. అలాగే రాశాను.

ఇప్పుడు షార్జాలోనే అల్ నహ్దాలో ఉంటున్నాను. ఫోన్లో ఏ యాప్ ఏం అడిగినా చదవకుండా ఒప్పుకుంటున్నానని నొక్కేస్తాను. నొక్కాక ఒక్కోసారి, ముక్కూమొహం తెలియని వాళ్ల నడుముల కోసం పన్నెండు పేజీలు చదివిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది గానీ, వాడి ముందు కాస్త సిగ్గు కూడా వేస్తుంది.